ఇల్లు చేతులు మారే వేళ



పండుగ వస్తోందంటే ఇల్లు దులపడం, గడపకు పసుపు రాయడం, గుమ్మానికి తోరణం కట్టడం మనకు తరతరాల అలవాటు. అమెరికాకు వచ్చినా ఆ అలవాటు పోలేదు. మామిడాకులు దొరక్కపోతే ప్లాస్టిక్ తోరణమైనా కడుతున్నాము. కానీ ఆ తోరణం కట్టే గుమ్మం మాత్రం తరచుగా మారిపోతోంది. మన తాతలు పుట్టిన ఇంట్లోనే పెరిగి, పెళ్ళి చేసుకుని, మనవలను ఎత్తుకుని, ఆ ఇంట్లోనే కన్నుమూశారు. మనమో! వచ్చిన కొత్తలో నలుగురు స్నేహితులతో ఒక అపార్ట్‌మెంట్, పెళ్ళయ్యాక ఇంకొకటి, పిల్ల పుట్టాక టౌన్‌హోమ్, బడి కోసం మంచి స్కూల్ డిస్ట్రిక్ట్‌లో పెద్ద ఇల్లు. ఉద్యోగం మారితే మరో రాష్ట్రం. పిల్లలు కాలేజీకి వెళ్ళాక మెట్లు ఎక్కలేక మళ్ళీ చిన్న ఇల్లు. పాతికేళ్ళలో అయిదారు ఇళ్ళు మారిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి.

ఇల్లు మారిన ప్రతిసారీ పంచాంగం తీస్తాము. ఆషాఢం కాకుండా, శూన్యమాసం కాకుండా మంచి ముహూర్తం చూస్తాము. పురోహితుల వారిని పిలిచి వాస్తుపూజ చేయిస్తాము. పొగ అలారం మోగకుండా దానికి కవరు తొడిగి మరీ హోమం చేయిస్తాము. పాలు పొంగిస్తాము. ఇదంతా బాగానే ఉంది. అయితే ఒక్క విషయం గమనించారా? ఇంట్లోకి ప్రవేశించడానికి మనకు ఇంత తంతు ఉంది గాని, ఇల్లు విడిచి వెళ్ళేటప్పుడు చేసే తంతు ఏదీ మన ఇళ్ళలో వాడుకలో లేదు. బహుశా ఇల్లు విడిచిపోవడమనేది మన పూర్వులకు చాలా అరుదైన సంగతి కావచ్చు. మనకు అది అయిదారేళ్ళకొకసారి జరిగే పని. కాబట్టి ఆ సమయంలో గృహస్థు ధర్మమేమిటో మనమే ఆలోచించుకోవాలి. మన తరువాత ఆ ఇంట్లో దీపం పెట్టే మనిషికి మనం ఏమి బాకీ? ఈ వ్యాసంలో పరిశీలించదలచుకున్న ప్రశ్న ఇదే.

లంకెబిందెల కథ

కలియుగం ఎలా ప్రవేశించిందో చెప్పడానికి పెద్దలు ఒక కథ చెబుతూ ఉంటారు. మీలో చాలామంది చిన్నప్పుడు విన్నదే. ధర్మరాజు పాలించే రోజుల్లో ఒక రైతు మరొక రైతు దగ్గర పొలం కొన్నాడు. దున్నుతుంటే నాగలికి లంకెబిందెలు తగిలాయి. వాటిని మోసుకుని అమ్మినవాడి ఇంటికి వెళ్ళి, "నేను కొన్నది నేలను మాత్రమే, ఈ బంగారం నీది" అన్నాడు. అమ్మినవాడు, "నేలతోపాటు అందులో ఉన్నదంతా నీకు అమ్మేశాను, అది నీదే" అన్నాడు. ఇద్దరూ తగవు తీర్చమని ధర్మరాజు దగ్గరకు వెళ్ళారు. ఆయన ఆ రోజుకు వెళ్ళి మళ్ళీ రమ్మన్నాడు. ఈలోగా కలి ప్రవేశించాడు. తిరిగి వచ్చినప్పుడు ఇద్దరి మాటా తలకిందులైంది. "నా పొలంలో దొరికింది, నాది" అని కొన్నవాడు, "నేను నేలే అమ్మాను, బంగారం నాది" అని అమ్మినవాడు!

ఈ కథలో అందరూ బంగారాన్నే చూస్తారు. నాకు అందులో ముఖ్యంగా కనిపించేది ఇంకొకటి. కలి రాకముందు ఆ ఇద్దరూ, నేల అడుగున ఎవరికీ కనిపించని దాని గురించి కూడా అవతలివాడికి జవాబు చెప్పుకోవాలనుకున్నారు. చూసినవారు లేరు, అడిగినవారు లేరు. అయినా చెప్పారు.

మనం అమ్మే ఇళ్ళలో లంకెబిందెలు ఉండవు. ఉండేది బేస్‌మెంట్ గోడలో చెమ్మ. పెద్ద వాన పడితే మూలగా ఊరే నీరు. పైకప్పులో ఒకసారి కారి, పైపైన అతుకు వేసిన చోటు. వాటి సంగతి తెలిసింది మనకొక్కరికే. కొనేవాళ్ళు వచ్చేముందు ఆ గోడకు కొత్త రంగు వేయిస్తాము, మూలన ఒక అలమర జరుపుతాము. వాళ్ళు అడగలేదు, మనం చెప్పలేదు. ఇది అబద్ధమా, కాదా?

చట్టం ఎంతవరకు?

ముందు చట్టం సంగతి చూద్దాము. కొనేవాడే కళ్ళు తెరిచి చూసుకోవాలన్నది ఇంగ్లండు నుంచి ఈ దేశానికి వచ్చిన పాత న్యాయసూత్రం. అలబామాలో పాత ఇళ్ళ అమ్మకాలకు ఇప్పటికీ చాలావరకు అదే వర్తిస్తుంది. అయితే ఎక్కువ రాష్ట్రాలు దాన్నుంచి దూరంగా జరిగి, అమ్మేవారు తమకు తెలిసిన లోపాలను డిస్‌క్లోజర్ ఫారంలో రాసి ఇవ్వాలంటున్నాయి. దేశమంతటికీ వర్తించే నియమం ఒకటుంది. 1978కి ముందు కట్టిన ఇళ్ళలో సీసం కలిసిన రంగుల గురించి తమకు తెలిసినది కొనేవారికీ అద్దెకు వచ్చేవారికీ చెప్పాలని 1992లో చట్టం చేశారు. పసిపిల్లలు రాలిన ఆ పెచ్చులు నోట్లో పెట్టుకుంటే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. కొనేవారికి పరీక్ష చేయించుకోవడానికి 10 రోజుల గడువు కూడా ఇవ్వాలి.

న్యూయార్క్ రాష్ట్రంలో జరిగింది మరీ ఆలోచింపజేస్తుంది. అక్కడ 2002లో అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం అమ్మేవారు ఇంటి పరిస్థితి వివరంగా రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే కొన్నవారికి 500 డాలర్లు తగ్గించాలి. దానితో ఏమైందంటే, చాలామంది ఫారం నింపడం మానేసి ఆ 500 డాలర్లు ఇచ్చేయడమే మేలనుకున్నారు. లక్షల డాలర్ల ఇంటి విషయంలో మౌనానికి ఖరీదు 500 డాలర్లు అయింది! చివరకు ఆ వెసులుబాటును తీసివేస్తూ చట్టాన్ని సవరించారు. 2024 మార్చి 20 నుంచి అక్కడ ఫారం ఇవ్వక తప్పదు.

అదే రాష్ట్రంలో 1991లో ఒక చిత్రమైన తీర్పు వచ్చింది. హడ్సన్ నది ఒడ్డున ఉన్న నయాక్ అనే ఊళ్ళో ఒక ఇంటావిడ, తన ఇంట్లో దయ్యాలున్నాయని అంతకుముందు పత్రికల్లో చెప్పుకున్నారు. ఊరివారందరికీ ఆ సంగతి తెలుసు. కొనడానికి వచ్చిన పొరుగూరి మనిషికి మాత్రం తెలియదు. తెలిశాక ఆయన కోర్టుకు వెళ్ళాడు. దయ్యాలున్నాయా లేవా అన్న చర్చలోకి పోకుండా, లోకానికంతా చెప్పి కొనేవాడి దగ్గర దాచిన విషయమిది, ఇన్‌స్పెక్షన్‌లో బయటపడేదీ కాదు, కాబట్టి ఒప్పందం నుంచి తప్పుకునే హక్కు ఆయనకు ఉందని అప్పీలు కోర్టు తేల్చింది. నవ్వొచ్చే కేసే అయినా అందులోని సూత్రం నవ్వులాటది కాదు. అవతలివాడు ఎంత వెదికినా కనుక్కోలేనిది, నీకు మాత్రమే తెలిసినది, నువ్వే చెప్పాలి.

చట్టం రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది. ధర్మం కూడా రాష్ట్రం సరిహద్దు దాటగానే మారిపోతుందా? అలబామాలో చెప్పనక్కరలేని చెమ్మ న్యూయార్క్‌లో చెప్పవలసిన చెమ్మ అవుతుందా? గోడ గోడే, చెమ్మ చెమ్మే. చట్టం మనం అంతకన్నా కిందకు దిగకూడని గీత. అక్కడితో మన బాధ్యత తీరిపోయిందనుకోవడం సరికాదు.

మౌనం అబద్ధమా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. రోమన్ పండితుడు సిసిరో క్రీ.పూ. 44లో కర్తవ్యాల గురించి రాసిన గ్రంథంలో సరిగ్గా ఇదే ఉదాహరణ ఇచ్చాడు. ఒకడు ఇల్లు అమ్ముతున్నాడు. అది ఆరోగ్యానికి మంచిది కాదు, పడకగదుల్లో పాములు తిరుగుతాయి, కలప పుచ్చిపోయింది. ఇది యజమానికి తప్ప ఎవరికీ తెలియదు. చెప్పకుండా అమ్మవచ్చా? డయోజినిస్ అనే గురువు, "కొనమని ఎవరూ బలవంతం చేయలేదు కదా, చెప్పకపోవడం వేరు, దాచడం వేరు" అన్నాడట. ఆయన శిష్యుడు ఆంటిపేటర్ మాత్రం, ఎదుటివాడు తెలియక నష్టపోతుంటే చూస్తూ ఊరుకోవడం దారి తప్పినవాడికి దారి చూపకపోవడం కన్నా ఘోరమన్నాడు. సిసిరో శిష్యుడి పక్షమే వహించాడు.

మన శాస్త్రాలు ఏమంటున్నాయి? మనుస్మృతిలో ఈనాడు మనం ఒప్పుకోలేని విషయాలు ఎన్నో ఉన్నాయి. కానీ క్రయవిక్రయాల దగ్గర అది చెప్పిన మాట నేటికీ నిలుస్తుంది. ఒకదానిలో మరొకటి కలిపినదాన్ని, సారం లేనిదాన్ని, తక్కువ తూగేదాన్ని, కప్పిపెట్టినదాన్ని అమ్మరాదంటుంది. కొన్న తరువాతగాని అమ్మిన తరువాతగాని మనసు మారినవారికి పది రోజుల గడువు కూడా ఇచ్చింది. కొత్త రంగు కింద చెమ్మ ఉన్న గోడ, కప్పిపెట్టిన సరుకు కాక మరేమిటి?

భారతంలో ధర్మరాజు కథ మనకు తెలిసిందే. ద్రోణుని ముందు అశ్వత్థామ మరణించాడని గట్టిగా పలికి, ఏనుగన్న మాటను గొణిగాడు. ఆయన నోటి నుంచి వచ్చిన మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అయినా అప్పటిదాకా నేలకు నాలుగంగుళాల పైన నడిచిన ఆయన రథం నేలకు దిగిపోయింది. మాట నిజమా కాదా అని చూసి వ్యాసుడు ఊరుకోలేదు. ఆ మాట వినేవాడి మనసులో ఏమి నాటాలని పలికామన్నది చూశాడు. డిస్‌క్లోజర్ ఫారంలో "తెలియదు" అన్న గడిలో టిక్కు పెట్టేటప్పుడు ఈ రథాన్ని గుర్తు తెచ్చుకోవాలి.

శాంతిపర్వంలో తులాధారుని కథ ఇంకా దగ్గరగా వస్తుంది. జాజలి అనే తాపసి తలపై పక్షులు గూడు కట్టుకునేంత నిశ్చలంగా తపస్సు చేశాడు. తనంత ధర్మాత్ముడు లేడనుకున్నాడు. కాశీలో వ్యాపారం చేసుకునే తులాధారుడు నీకన్నా గొప్పవాడని ఆయనకు ఆకాశవాణి వినిపించింది. వెళ్ళి చూస్తే అతడు చేసేది ఏమీ లేదు, అందరికీ ఒకే త్రాసుతో తూచి సరుకు ఇవ్వడమే. ఒకే త్రాసు! మనం కొనేటప్పుడు ఇన్‌స్పెక్టరును పిలిచి అటక మీదికి ఎక్కిస్తాము, ఫర్నేసు వయసు అడుగుతాము, పక్కింటివారిని కూడా విచారిస్తాము. అమ్మేటప్పుడు "అడగలేదు కదా" అంటాము. కొనే త్రాసు ఒకటి, అమ్మే త్రాసు ఒకటి ఉన్నాయన్నమాట.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. దాన్ని తేలికగా తీసివేయకూడదు. "మన జీవితపు పొదుపంతా ఆ ఇంట్లోనే ఉంది. పిల్ల కాలేజీ ఫీజు అందులో నుంచే రావాలి. చెమ్మ సంగతి చెబితే ధర ఇరవై వేలు తగ్గుతుంది. మా పిల్ల చదువు కన్నా ముక్కూ మొహం తెలియని మనిషి ఎక్కువా?" అంటారు. న్యాయమైన బాధే. కానీ ఆ ఇరవై వేలు ఎక్కడికీ మాయమైపోవు. గోడ బాగుచేయడానికి ఎవరో ఒకరు పెట్టవలసిందే. మనం చెప్పకపోతే ఖర్చు తగ్గదు, ఇంకొకరి నెత్తిన పడుతుంది, అంతే. ఆ ఇంకొకరికీ కాలేజీకి వెళ్ళవలసిన పిల్ల ఉండవచ్చు. పైగా చెప్పేవాడికి దారులున్నాయి. ముందే బాగుచేయించి ఆ రసీదులు చూపవచ్చు. ధరలో కొంత తగ్గించవచ్చు. క్లోజింగ్‌లో క్రెడిట్ ఇవ్వవచ్చు. చెప్పనివాడికి ఉన్నది ఒక్కటే దారి, బయటపడకూడదని కోరుకోవడం.

అలాగని అమ్మేవాడు తన బతుకంతా విప్పి చెప్పనక్కరలేదు. ఉద్యోగం పోయిందనో, దంపతులు విడిపోతున్నారనో, ఎంత తక్కువకైనా ఇచ్చేస్తామనో చెప్పవలసిన పని లేదు. అది మన సొంత విషయం. అమ్ముతున్న వస్తువు గురించిన నిజం మాత్రం కొనేవాడిది, ఎందుకంటే దాని కోసమే అతడు డబ్బిస్తున్నాడు. నా గురించిన మౌనం మర్యాద, వస్తువు గురించిన మౌనం మోసం. ఈ రెంటికీ మధ్య గీత కొన్నిచోట్ల మసకగా ఉండవచ్చు. ఉదాహరణకు ఇంట్లో జరిగిన మరణం. కాలిఫోర్నియాలో గత మూడేళ్ళలో జరిగి ఉంటే చెప్పాలి, చాలా రాష్ట్రాల్లో చెప్పనక్కరలేదు. నిండు నూరేళ్ళు బతికిన నాన్నగారు నిద్రలో పోయినా సరే, కొనేది మనవాళ్ళయితే వారికి పట్టింపు ఉంటుందని మనకు తెలుసు. వారు అడిగితే దాచకూడదు.

అద్దెకిచ్చిన ఇల్లు

2021 జనవరిలో ముప్పై ఏళ్ళ గృహరుణంపై సగటు వడ్డీ 2.65 శాతానికి దిగింది. 2023 అక్టోబరులో అదే 7.79 శాతానికి చేరింది. తక్కువ వడ్డీకి దొరికిన రుణం వదులుకోవడమెందుకని, కొత్త ఇంటికి మారుతూ పాత ఇంటిని అమ్మకుండా అద్దెకిచ్చినవారు మనలో ఎందరో ఉన్నారు. అలా, ఎన్నడూ అనుకోకుండా, మనం ఇంటి ఓనర్లమయ్యాము. ఒకప్పుడు హైదరాబాదులోనో విజయవాడలోనో మనల్ని నీళ్ళ దగ్గరా, చుట్టాల దగ్గరా ఆంక్షలు పెట్టిన ఓనరు గారిని తిట్టుకున్నవాళ్ళమే!

ఇక్కడ మొదట ఆలోచించవలసింది ప్రకటన. "తెలుగువారికి మాత్రమే", "ఇండియన్ ఫ్యామిలీస్ ఓన్లీ" అని వాట్సాప్ గ్రూపుల్లో కనిపిస్తూ ఉంటుంది. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం ఇల్లు అద్దెకిస్తూ జాతిని, మతాన్ని, పుట్టిన దేశాన్ని బట్టి ఇలా ప్రకటించకూడదు. చట్టం అటుంచితే, ఆ చట్టం ఎలా వచ్చిందో గుర్తుంచుకోవాలి. నల్లజాతివారికి ఇళ్ళివ్వని వీధులకు వ్యతిరేకంగా పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారంలోనే అది చట్టమైంది. ఈనాడు మనం నచ్చిన వీధిలో ఇల్లు కొనుక్కోగలుగుతున్నామంటే ఆ పోరాట ఫలం మనకూ అందింది. తెరిచిన తలుపులోంచి లోపలికి వచ్చి, వెనక వచ్చేవారికి గడియ వేయడం కృతజ్ఞత అనిపించుకోదు.

రెండోది డిపాజిట్. మన ధర్మశాస్త్రాలు వివాదాలను పద్దెనిమిది రకాలుగా విభజిస్తూ, అప్పుల తరువాత రెండోదిగా నిక్షేపాన్ని చెప్పాయి. నమ్మి మన దగ్గర దాచుకున్న సొమ్ము అది. కాలిఫోర్నియాలో ఖాళీ చేసిన 21 రోజుల్లో, న్యూజెర్సీలో 30 రోజుల్లో వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలి. అరిగిన కార్పెట్టుకు, గోడ మీది మేకు రంధ్రానికి కోత పెట్టి ఆ సొమ్ము మిగుల్చుకునే ముందు, వయసు చేత అరిగినదెంత, వారు పాడుచేసినదెంత అని నిజాయితీగా విడదీసి చూడాలి.

మూడోది కొంచెం సున్నితమైనది. 1997 నుంచి ఉన్న పన్ను నియమం ప్రకారం, అమ్మేముందు అయిదేళ్ళలో కనీసం రెండేళ్ళు ఆ ఇంట్లో నివసించి ఉంటే, దంపతులకు లాభంలో 5 లక్షల డాలర్ల వరకు, ఒంటరివారికి 2.5 లక్షల వరకు పన్ను ఉండదు. అంటే మనం ఇల్లు విడిచిన మూడేళ్ళలోపు అమ్మేయాలి. అద్దెకున్నవారికి ఈ లెక్క తెలియదు. వారు పిల్లను ఆ వీధి బడిలో చేర్పిస్తారు, పెరట్లో కరివేపాకు కుండీ పెట్టుకుంటారు. రెండున్నరేళ్ళయ్యాక, చదువు సంవత్సరం మధ్యలో, మనం నోటీసు పంపుతాము. లీజు ప్రకారం తప్పు లేకపోవచ్చు. కానీ మొదటి రోజునే "మూడేళ్ళలో అమ్మే ఆలోచన ఉందండీ" అని ఒక్క మాట చెబితే వారు తమ దారి తాము చూసుకుని ఉండేవారు కదా. వీలైతే బడి సెలవుల దాకా ఆగడం, ముందు వారినే కొంటారా అని అడగడం పెద్ద త్యాగాలేమీ కావు.

ఇక్కడే బ్యాంకుకు ఇచ్చిన మాట కూడా చెప్పుకోవాలి. సొంతంగా ఉండడానికే కొంటున్నామని సంతకం చేస్తే వడ్డీ తక్కువ. సాధారణంగా ఏడాదైనా అందులో ఉంటామని ఆ కాగితంలో ఉంటుంది. నిజంగా ఉండి, పరిస్థితులు మారి తరువాత అద్దెకిస్తే తప్పు లేదు. అసలు ఉండే ఉద్దేశమే లేకుండా సంతకం చేయడం మాత్రం ఫెడరల్ నేరం. అంతకుముందే అది అసత్యం. వాస్తుపూజ చేసి తాళం వేసి వచ్చిన ఇల్లు, నివసించిన ఇల్లు కాదు.

కట్టేటప్పుడు, బాగుచేసేటప్పుడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. గృహస్థు తెలియకుండానే రోజూ హింస చేస్తాడని మన పూర్వులు గుర్తించారు. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్ళబిందె, ఈ అయిదు చోట్లా చిన్న ప్రాణులు చస్తాయి. వీటికి పంచసూనలని పేరు పెట్టి, ఆ దోషం పోవడానికి పంచమహాయజ్ఞాలు విధించారు. చీపురు కింద చీమ విషయంలోనే ఇంత జాగ్రత్త చెప్పిన సంప్రదాయం మనది. ఈనాటి ఇంట్లో పంచసూనలు ఎక్కడున్నాయో మనం వెదుక్కోవాలి.

ఒకటి నేను చెబుతాను. చాలా ఇళ్ళలో పర్మిట్ తీసుకోకుండా బేస్‌మెంట్ బాగుచేయించి, ఒక పడకగది వేసి, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకో, అద్దెకు వచ్చిన విద్యార్థికో ఇస్తున్నారు. చాలా ఊళ్ళ నిర్మాణ నియమాల ప్రకారం నేల కింద పడుకునే గదికి, అగ్నిప్రమాదంలో మనిషి బయటపడగలిగే కిటికీ ఉండాలి. సాధారణంగా అది నేల నుంచి 44 అంగుళాలకు మించి ఎత్తులో ఉండకూడదు, తెరిస్తే 5.7 చదరపు అడుగుల ఖాళీ ఉండాలి. ఆ కొలతలు మనిషి పాకి బయటపడగలిగే దారి కోసం, వీపున గాలి సిలిండరు కట్టుకున్న అగ్నిమాపక సిబ్బంది లోపలికి రావడం కోసం పెట్టినవి. పర్మిట్ అంటే పన్ను పెంచడానికి టౌనువారు పెట్టిన బెడద అనుకుంటాము. రాత్రివేళ మెట్ల మీద పొగ నిండితే, ఆ గదిలో మోకాళ్ళ నొప్పులున్న మన అమ్మ ఎటు వెళ్ళాలి? నేల నుంచి వచ్చే రేడాన్ వాయువు కూడా అంతే. దానికి రంగు లేదు, వాసన లేదు. ఊపిరితిత్తుల కాన్సరుకు పొగతాగడం తరువాత రెండో కారణం అదే. లీటరుకు 4 పికోక్యూరీలు ఉంటే సరిచేయించుకోమని ప్రభుత్వం చెబుతోంది. పరీక్ష పెట్టె హార్డ్‌వేర్ దుకాణంలోనే దొరుకుతుంది. ఈశాన్యం మూల గురించి ఎంతో విచారించే మనం ఈ పరీక్ష గురించి కూడా ఒకసారి విచారించవచ్చు.

కూలి సంగతి కూడా. మన ఊళ్ళలో గృహప్రవేశం నాడు మేస్త్రీకి, వడ్రంగికి కొత్త బట్టలు పెట్టిన తరువాతే యజమాని లోపల అడుగుపెట్టేవాడు. చేసిన పనికి కూలి ఇవ్వకపోవడాన్ని కూడా ధర్మశాస్త్రాలు ఆ పద్దెనిమిదిలో ఒకటిగా లెక్కించాయి. ఇక్కడ టైల్సు వేసినవారి పేరైనా మనకు తెలియదు. కాంట్రాక్టరుతో తగాదా వస్తే ఆఖరి చెక్కు ఆపుతాము. అది కొన్నిసార్లు న్యాయమే కావచ్చు. కాని ఆగిన ఆ చెక్కులో పనివాడి వారం కూలి ఉందేమో కనుక్కోవడం ఇంటి యజమాని పనే.

పుట్టిల్లు

చివరగా, మనందరికీ సముద్రాల అవతల ఒక ఇల్లుంది. అమ్మానాన్నలు పోయాక, తాళం వేసిన ఆ ఇంటిని ఏం చేయాలన్నది ఈ పండుగ సెలవుల్లో ఎన్నో కుటుంబాలు ఫోన్లలో మాట్లాడుకునే విషయం. అన్నదమ్ములు ఒక మాట అనుకుని, పవర్ ఆఫ్ అటార్నీ పంపి, చివర్లో అక్కచెల్లెళ్ళకు "ఇక్కడ ఒక సంతకం పెట్టమ్మా" అంటారు. పూర్వీకుల ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచే అమలయ్యేలా చట్టం చేశారు. అప్పటికే పెళ్ళయినవారికి అది వర్తించలేదు. 2005లో దేశమంతటా వచ్చిన సవరణతో పెళ్ళయినవారికీ ఆ హక్కు వచ్చింది. తనది కానిదాన్ని అమ్మడాన్ని మన శాస్త్రాలు అస్వామి విక్రయమన్నాయి. తోబుట్టువు వాటాను అడగకుండా అమ్మడం కూడా అదే కోవలోకి వస్తుంది.

ఇందులో డబ్బు కన్నా పెద్దది ఒకటుంది. మగవారికి అది పాత ఇల్లు. ఆడపిల్లకు అది పుట్టిల్లు. పెళ్ళై వెళ్ళినా, ఒకరోజు వచ్చి అరుగు మీద కూర్చునే చోటు. అమ్మవద్దని ఎవరూ అనలేరు. పెచ్చులూడే ఇంటిని ఇక్కడి నుంచి ఎవరు చూసుకుంటారు? కానీ అమ్మేముందు ఆమెకు సంతకం కోసం కాక సలహా కోసం ఫోన్ చేయాలి. దేవుడి గదిలోని ఇత్తడి కుందులు ఎవరు తీసుకుంటారో అడగాలి. ఇన్నాళ్ళూ వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టిన పనిమనిషికి ఏమిస్తున్నామో ఆలోచించాలి. రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఆమె పేరు ఉండదు గాని, ఆ ఇంటిని బతికించింది ఆమే.

వెళ్ళే ముందు

ఇల్లు విడిచేటప్పుడు చేసే తంతు లేదని మొదట చెప్పుకున్నాము. మన ఇళ్ళలో మనమే ఒకటి ఏర్పరచుకుంటే తప్పేమిటి? సామాను ఎక్కించాక ఇల్లు శుభ్రంగా తుడవాలి. వంటగదిలో ఒక కాగితం వదలాలి. నీళ్ళ వాల్వు ఎక్కడుందో, ఫర్నేసు ఫిల్టరు ఏ సైజో, చెత్తబండి ఏ రోజు వస్తుందో, పక్కింటి పెద్దావిడ ఎంత మంచిదో, ఏ వానకు ఏ మూల కనిపెట్టి చూడాలో అందులో రాయాలి. ఆ చివరి వాక్యం అప్పటికే డిస్‌క్లోజర్‌లో ఉండాలి సుమా! తరువాత ఒక దీపం వెలిగించి, ఇన్నేళ్ళు మనల్ని కాచిన వాస్తుపురుషునికి నమస్కరించి, వచ్చేవారు చల్లగా ఉండాలని కోరుకోవాలి. దీపం కొండెక్కేదాకా కూర్చుని మరీ తాళాలు ఇవ్వండి, చెక్క ఇళ్ళు కదా!

వచ్చేవారు చల్లగా ఉండాలని మనస్ఫూర్తిగా కోరుకోగలిగితే, వారి దగ్గర మనం ఏమీ దాచలేదన్నమాట. దాచినవాడికి ఆ ప్రార్థన నోట రాదు. ఏది చెప్పాలి, ఏది అక్కరలేదు అన్న సందేహం వచ్చినప్పుడు రియల్టరునూ లాయరునూ అడగండి, తప్పదు. వారితోపాటు ఈ ఒక్క పరీక్షా పెట్టుకోండి. ఈ ఇంట్లో రేపు అడుగుపెట్టే ఇల్లాలు పాలు పొంగించే వేళ, ఆ పక్క గదిలో నేను నిలబడి ఆమె ముఖంలోకి చూడగలనా?

ఈ దీపావళికి మీరు ఏ ఇంట ఉన్నా, సొంతమైనా, అద్దెదైనా, సగం కట్టినదైనా, ఆ గుమ్మాన వెలిగే దీపం మీకూ, మీ ముందు అక్కడ ఉన్నవారికీ, మీ తరువాత రాబోయేవారికీ శుభం కలిగించుగాక.

స్వస్తి.